నలభై సంచులు

తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ బండి. యూనివర్సిటీ లైబ్రరీలో బాలస్వామి సంచిని బాంబు స్క్వాడ్ తునకలు చేసిన మర్నాడు పొద్దున. కరపత్రం చేతిలో ఉంది గానీ రాంచందర్‌కు అక్షరాలు ఆనడం లేదు.

"చదువు రాంచందరన్నా. పదకొండుకు మీటింగ్. నువ్వే మాట్లాడాలె."

"నాకు గొంతు బాగలేదు బాలస్వామీ. సింధూజ మాట్లాడుతది."

"నువ్వు మైకు వద్దంటే ఇయ్యాల వాన పడుతది. సింధూజక్క రాసింది, నువ్వు మాట్లాడు. చదువు."

"'ఉగ్రదాడి జరగొచ్చు, అప్రమత్తంగా ఉండండి అన్నది సర్కారు. ఎక్కడ? చెప్పలేదు. ఎప్పుడు? చెప్పలేదు. ఏం చూడాలి? చెప్పలేదు. చెప్పకపోతే ఎవడికి తోచింది వాడు చూస్తాడు...'"

"ఆగినవేంది?"

"చాయ్ వేడిగున్నది."

"చల్లారి పావుగంటైంది."

"అది కాదురా. సర్కారు చెప్పకుంటే, రేపు నిజంగ ఏదన్న అయితే..."

"నువ్వేనా గీ మాటనేది? మొన్న గీడనే నిలవడి ఏమన్నవ్? గీ హెచ్చరిక మనల్ని కాపాడనీకి కాదు, రేపేదన్న అయితే మేం ముందే చెప్పినం అననీకి అన్నవ్."

"అన్న."

"మరి? రీడింగ్ రూంల ఆరింటికే సంచి పెట్టి సీటు ఆపుకునుడు నిన్న మొన్నటిదా? నిన్న నలభై సంచులున్నయి. అందరం టిఫిన్‌కు పోయినం. నాదొక్కటే కనవడ్డదా పోలీసులకు ఫోన్ చేసినోనికి?"

"భయపడ్డడేమో."

"భయపడితే నలభైటికి భయపడాలె గద. సర్టిఫికెట్లన్నా. టెన్త్ మెమో కాడికెళ్లి పీజీ దాక. సోమవారం కొలువుకు వెరిఫికేషన్. బాంబు స్క్వాడోళ్లు సంచిని నీళ్ల తుపాకితోటి కొట్టిన్రు, అన్ని ముద్దైనయి."

"డూప్లికేట్లు..."

"నెల పడుతదట. గడువు కావాలంటే పోలీసు కాయితం కావాలె. ఫోన్ చేసినోడు పేరు చెప్పలే, వాడొచ్చి సంతకం పెడితేనే కాయితం అంటున్రు. నువ్వూ విన్నవ్ గద."

"విన్న."

"పొద్దుమీకే దాక స్టేషన్‌ల నా తోడు కూసున్నది నువ్వొక్కనివే. మా అమ్మకు చెప్పిన. అసొంటోడు ఒక్కడున్నా చాలు బిడ్డా అన్నది."

"అమ్మకెందుకు చెప్పినవ్?"

"చెప్పొద్దా?"

"...వాడు దొరికితే ఏం జేస్తవ్?"

"కొట్టనన్నా. ఒక్కటే అడుగుత. నా సంచిల ఏం చూసినవురా అని. లోపల కాయితాలు, రెండు జామకాయలు. అంతే గద."

"సంచి ఏడ తెచ్చినవ్?"

"మౌలాలిల. మా అమ్మ కుట్టుపని చేస్తది గద, ఆ దుకాణందే. సంచి మీద దుకాణం పేరంత ఉర్దూల ఉంటది. గట్టిగుంటదని కాయితాలు అండ్ల పెట్టుకున్న. ఎందుకడుగుతున్నవ్? అన్నా, లేసినవేంది? మీటింగ్ గా దిక్కు."

"స్టేషన్‌కు పోతున్న. నువ్వు గూడ నడువు."

"వాడు దొరికిండా?"

"సంతకం పెట్టాలె. నలభైట్ల ఒక్కదాని మీదనే ఉర్దూ ఉండె బాలస్వామీ. నేను గదే చూసిన."