ఐసుపెట్టెతో తెనాలికి

రేపల్లె స్టేషన్ బయట చెంచమ్మ టీకొట్టు దగ్గర రొయ్యల వ్యాపారం చేసే రామాంజి నోరు విప్పాడంటే, రైలెక్కాల్సినవాళ్ళు కూడా ఇంకో టీ చెప్పుకుంటారు. నిన్న నేనూ చెప్పుకున్నాను.

"మా ఆవిడ బేబీకి నిమోనియా అని మందులిస్తన్నారు, తగ్గదే! మనిషి పుల్లయిపోయింది. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఇది మామూలు నిమోనియా కాదేమో రామాంజీ, ఒకరకం బ్యాక్టీరియాకి ఒంటిచుట్టూ గోడే ఉండదు, గోడని పగలగొట్టే మందు దాన్నేం చేస్తది, గొంతులోంచి తీసిన శాంపిలు తెనాలి ల్యాబుకి పోవాలి, అదేదో తేలితే మందు మారుస్తా, ఆలస్యమైతే కష్టం అన్నారు. శాంపిలు ఐసుపెట్టెలో పెట్టించుకుని రైలెక్కితే, వేమూరులో ఆగింది, కదలదే. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? దూకి, పట్టాలమ్మట పరుగు. చినరావూరు దగ్గర వెనక హారన్. చూస్తే మన రైలే, సైడు అడుగుతోంది. నేనిస్తానా?"

"ఇవ్వకూడదులే," అన్నాడు ఆటో వీరబ్రహ్మం, టీ ఊదుకుంటూ.

"ఆ ల్యాబులో మిషనుంది చూడు బ్రహ్మం, దానికి దణ్ణం పెట్టాలి. పురుగు ఆనవాలు ఒక్క ముక్క దొరికితే చాలు, వేడిచేసి చల్లార్చి, వేడిచేసి చల్లార్చి, ఒకటిని రెండు, రెండుని నాలుగు, కంటికి ఆననిదాన్ని కోట్లు చేసి పట్టిచ్చేస్తది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ల్యాబమ్మాయి చేతులెత్తేసింది. తప్పుకోమ్మా అని, ఈ చేత్తో వేడి టీ గ్లాసు, ఈ చేత్తో నా పెట్టెలో ఐసు, మార్చి మార్చి శాంపిలున్న గొట్టానికి ఆనించా. జోరు కాస్త ఎక్కువైంది. ఆనవాళ్ళు గొట్టం నిండి, మూత ఎగిరి, మెట్లు దిగి, బాపట్ల రోడ్డెక్కినయ్. బాపట్లలో మా బావమరిదికి ఫోన్ కొట్టి, ఊరి మొదట్లో వల కట్టించా. లేకపోతే చీరాల ఏమైపోయేది?"

బల్ల చివర కూర్చున్న అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, ఆ ల్యాబమ్మాయిని నేనే. జ్యోతిర్మయిని. ఆరోజు మాస్కుంది, అందుకే గుర్తుపట్టలేదు మీరు. కరెంటేం పోలేదండి. పెట్టె తెరిస్తే మాత్రం రొయ్యలున్నాయి."

కొట్టంతా గొల్లుమంది. అదే రైల్లో అమ్మకానికి రొయ్యల పెట్టె కూడా తెచ్చిన రామాంజి, రెండు పెట్టెలూ ఒకేలా ఉండటంతో బేబీ శాంపిలు చేపల మార్కెట్లో దించేసి, రొయ్యలు ల్యాబుకి మోసుకొచ్చాడట. రామాంజి తల దించుకున్నాడు.

"చెప్పులు మా మెట్లమీదే వదిలేసి, ఎండలో మార్కెట్‌దాకా పరిగెత్తి ఆ పెట్టె తెచ్చారు. ఆ పరుగు నిజం. మా మిషనూ అంతే బాబాయ్, ఒక్క ముక్కయినా అసలుది ఉంటేనే పెంచుతుంది." నవ్వి, మెల్లగా అడిగింది. "పిన్నికెలా ఉంది?"

రామాంజి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా. పొద్దున్నించీ నన్ను తిడతానే ఉంది. మధ్యలో ఒక్క దగ్గు కూడా రాలా."