బావ తూకం వెయ్యని రోజు

ఇక్కడికి వచ్చిన పెద్దలకీ, మా వీధి మెకానిక్కులకీ, బండి బాగైపోగానే మమ్మల్ని మరిచిపోయి ఇవాళ మళ్ళీ మొహం చూపించిన పాత కస్టమర్లకీ, అందరికీ నమస్కారం. కుర్చీలు చాలలేదు. చాలవని నిన్ననే మొత్తుకున్నాను, నా మాట ఎవరు విన్నారు గనక? వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ఓర్చుకోండి. ఇది ఆయన షెడ్డు. ఆసుపత్రిలో చేరేదాకా ఈ బల్ల దగ్గరే ఆయన నిలబడి పనిచేశాడు. పోయి పదకొండు రోజులైంది. ఇప్పుడు దాని మీద ఫొటో పెట్టుకున్నాం.

ఏకవచనంలో మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్ళు బావా అని పిలిచిన నోరు ఇది. ఇవాళ గారూ అనమంటే తిరగదు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఆయన ఇంటావిడ మా అక్క. ఇదుగో, ముందు వరసలో కూర్చుంది. పక్క షెడ్డులో లేత్ మెషీన్ నాది. రెండు షెడ్లకీ మధ్య ఒకటే గోడ, గోడలో ఒక కంత. బావ అటునుంచి సామాను ఇస్తే నేను ఇటు తరిగి, మళ్ళీ ఆ కంతలోంచే అందించేవాణ్ణి. పగలంతా మా బంధుత్వం ఆ కంతలోంచే నడిచేది.

ఇందాక మా సంఘం అధ్యక్షుడు మాట్లాడుతూ, "ఆ ఒక్క పొరపాటు తప్పితే ఆయన చెయ్యి బంగారం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మీలో చాలామంది తలలూపారు. నేను చూశాను. నా జేబులో రాసుకొచ్చిన కాగితం ఒకటుంది. దాన్ని ఇక చదవను.

ఏమిటా పొరపాటు? ఈ వీధిలో అందరూ తమకి తెలుసనుకుంటున్నారు. ఎవరికీ తెలియదు. మొదటినుంచీ చెబుతాను.

ఇంజను వెనక ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీల్ అంటాం. ఇంజను ఊపు తగ్గకుండా తిప్పుతూ ఉంచేది అదే. దాని బరువు తగ్గిస్తే ఏమవుతుంది? కాలు నొక్కీ నొక్కగానే ఇంజను రయ్యిమని లేస్తుంది. కాలు తియ్యగానే అంతే తొందరగా పడిపోతుంది. పందేల్లో అది ముచ్చటగానే ఉంటుంది. రోజూ ఊళ్ళో తిరిగే బండికి? సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడల్లా చచ్చి ఊరుకుంటుంది. బావ ఒకే మాట చెప్పేవాడు: "తిరగలి బరువుగా ఉంటేనే చెయ్యి తీసినా తిరుగుతుంది."

స్పోర్ట్స్ కారు కొన్న ప్రతివాడికీ ఈ తేలిక చక్రం మీదే మోజు. బావ ఎవరికీ కాదని మొహం మీద చెప్పేవాడు కాదు. తన పాత రెండు సీట్ల బండికి అలాంటిదొకటి బిగించి ఉంచాడు. అడిగినవాణ్ణి అందులో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, సాయంత్రం ఆరింటికి సరిగ్గా బజారు వీధిలోకి తోలించేవాడు. వెనకనుంచి హారన్లు, బండివాళ్ళ తిట్లు. తిరిగి వచ్చేసరికి ఎంతటి మగధీరుడైనా "వద్దులెండి మేస్త్రీ" అని దండం పెట్టేవాడు. బావ మాత్రం పెద్దమనిషిలా దిగి చేతులు దులుపుకునేవాడు. కంతలోంచి నాకు కన్నుగీటేవాడు.

ఒక్కరే లొంగలేదు. మన పళ్ళ డాక్టరు గారు. ఆ వెనక, తలుపు పక్కన, చేతికర్రతో కూర్చున్నారు. డాక్టరు గారూ, మీరు వస్తారనుకోలేదు. వచ్చినందుకు మీకు నమస్కారం. ఆ సాయంత్రం మీ చేతిలో బండి ఏడుసార్లు ఆగింది. చొక్కా తడిసి ముద్దయింది. అయినా దిగి, "నాకు కావాల్సిందే" అన్నారు. బావ పగలబడి నవ్వాడు. "పళ్ళు పీకేవాళ్ళకి పట్టు ఎక్కువ" అన్నాడు. మీ ఎర్ర బండంటే మీకెంత ప్రాణమో ఆయనకి తెలుసు. ఖాళీ దొరికితే వచ్చి ఊరికే అందులో కూర్చుని వెళ్ళేవారు మీరు.

గట్టి ఉక్కుతో చేసిన చక్రం తెప్పిస్తేనే బిగిస్తానన్నాడు బావ. అది రాలేదు. నాలుగు నెలలు రాలేదు. డాక్టరు గారి మొహం చూడలేక చివరికి ఒప్పుకున్నాడు. బండితో వచ్చిన పాత చక్రాన్నే కాస్త తరుగుదాం, కొత్తది వచ్చేదాకా నడిపిద్దాం అన్నాడు. అది పోత ఇనుము, ఎనిమిదిన్నర కిలోలు. కంతలోంచి నాకిస్తూ ఏమన్నాడో ఒక్క అక్షరం మరిచిపోలేదు. "అంచు మీదే తియ్యి. రెండు కిలోలు. అంతకంటే ఒక్క గీత కూడా వద్దు. పోత ఇనుము వంగి హెచ్చరించదు, ఒక్కసారే పగులుతుంది."

నేను మూడు తీశాను.

ఎందుకు తీశానంటే ఏం చెప్పను? డాక్టరు గారు అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ వేళ మెషీన్ బాగా నడుస్తోంది, రజను మెత్తగా రాలుతోంది, చెయ్యి ఆగలేదు. ఇంకో కిలో తగ్గితే ఆ ఇంజను ఎలా కేక పెడుతుందో వినాలని బుద్ధి పుట్టింది. బావ అనుభవంతో చెప్పిన మాటకంటే నా పనితనం గొప్పదనుకున్నాను. ఒళ్ళు కొవ్వు, అంతే. దానికి వేరే పేరు లేదు.

చక్రం మీద సుద్దతో ఆరున్నర కిలోలు అని రాసి అందించాను. ఉన్నది అయిదున్నర. బావ సంగతి మీకు తెలుసు కదా, తన కాటా మీద పెట్టకుండా ఏ సామానూ బిగించడు. దేవుడు దిగివచ్చి ఇచ్చినా తూస్తాడు. అలవాటుగా చక్రాన్ని కాటా వైపు తీసుకెళ్ళాడు. అప్పుడు నేనేమన్నానో తెలుసా? కంతలో తల పెట్టి, నవ్వుతూ, "ఏం బావా, బావమరిది మీద ఆమాత్రం నమ్మకం లేదా?" అన్నాను.

బావ ఆగాడు. నావైపు చూశాడు. "సరేలేవోయ్" అని నవ్వేసి, చక్రాన్ని కాటా దగ్గరనుంచి వెనక్కి తెచ్చాడు. ఆయన జీవితంలో తూకం వెయ్యకుండా బిగించిన చక్రం అదొక్కటే. మొహమాటపడి వెయ్యలేదు. నేను మొహమాటపెట్టాను కాబట్టి వెయ్యలేదు.

తొమ్మిదో రోజున ఊరి బయట రోడ్డు మీద, మంచి వేగంలో ఉండగా, ఆ చక్రం పగిలింది. ముక్కలు బండి అడుగు చీల్చుకుని పైకి వచ్చాయి. డాక్టరు గారి ఎడమ పాదం సగం పోయింది.

రోడ్డు మీద ఏరిన ముక్కలతో సహా బండిని ఈ షెడ్డుకే లాక్కొచ్చారు. మర్నాడు మధ్యాహ్నం వీధిలో అందరూ భోజనాలకి వెళ్ళాక బావ ఒక్కడే ఇక్కడున్నాడు. నేను అటు పక్క ఉన్నానని ఆయనకి తెలియదు. కంతలోంచి చూశాను. ముక్కలన్నీ ఈ బల్ల మీద పేర్చాడు, పగిలిన పళ్ళాన్ని అతికించినట్టు. ఒక్క ముక్కా తక్కువ కాలేదు. అప్పుడు ఒక్కొక్కటీ తీసి కాటా మీద పెట్టాడు. ముల్లు అయిదున్నర దగ్గర ఆగింది. తరవాత ఒక ముక్క చేతిలోకి తీసుకుని, దాని మీద మిగిలిన నా సుద్ద రాతని బొటనవేలితో తుడిచేశాడు.

అలికిడి చెయ్యకుండా వెనక్కి తగ్గాను. అంతే నేను చేసిన ఘనకార్యం.

సాయంత్రం ఇన్సూరెన్స్ మనిషి వచ్చి ఎంత తీశారని అడిగాడు. బావ అన్నాడు, "మూడు తియ్యమన్నది నేనే. నా లెక్క తప్పింది."

ఆ తరవాత తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళు, అయ్యా! వేగం బండి ఒక్కటి కూడా ఈ గుమ్మం ఎక్కలేదు. సరుకుల వ్యాన్లకి బ్రేకులు బాగుచేసుకుంటూ బతికాడు. పగిలిన చక్రం మేస్త్రీ అని వీధి పేరు పెట్టింది. మా అక్క కూడా ఊరుకోలేదు. అక్కా, ఇవాళ నన్ను చెప్పనీ. కంచం ముందు కూర్చున్న మనిషిని ఎన్నిసార్లు దులిపావు? "మా తమ్ముడు చెప్పినంతే తరిగి ఇచ్చుంటాడు, మతి లేకుండా మూడు తియ్యమన్నది నువ్వే" అన్నావు. ఆయన తల వంచుకుని తినేవాడు. పక్క కంచం నాదే. నేనూ తల వంచుకుని తినేవాణ్ణి. నువ్వు నాకు రెండోసారి వడ్డించేదానివి.

ఒక్కసారైనా అడిగాడా నన్ను? లేదు. తిట్టాడా? లేదు. ఇంకొకటి చేశాడు. ఆ రోజునుంచి నేనిచ్చిన సామాను ఒక్కటి కూడా తూకం వెయ్యలేదు, కొలత పెట్టలేదు. ఉండబట్టలేక నేనే కాటా మీద పెట్టేవాణ్ణి. తీసేసేవాడు. "అక్కర్లేదు. నువ్వు చెప్పావుగా" అనేవాడు. ఎలా అనేవాడంటే, కోపంగా కాదు, వెటకారంగా కాదు, మామూలుగా. అది క్షమించడమో, శిక్షో నాకు ఈ క్షణందాకా తెలియదు. వ్యానుకి బుష్ అనే చిన్న ఇనుప గొట్టం ఒకటి తరిగినా పదిసార్లు కొలుస్తున్నాను. పడుకున్నా కొలుస్తున్నాను. మొన్న ఆయన పోయాక ఎవరూ లేని ఆ కంత వైపునుంచి నాకు ఆ మాట వినిపించింది. నవ్వకండి. వినిపించింది.

ఆసుపత్రిలో ఆఖరి వారం ధైర్యం చేశాను. "బావా, ఆ చక్రం..." అన్నాను. చెయ్యెత్తి ఆపాడు. "ఆఖరి బోల్టు బిగించింది నేను. తూకం నేను వేసుకోవాల్సింది" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన నిజంగా అలాగే నమ్మాడు, అదే నన్ను కాల్చేస్తోంది. నన్ను కాపాడడానికి మాత్రమే ఆ అబద్ధం ఆడాడని అనుకుంటే కాస్త తేలికపడేవాణ్ణి. ఆయన దాన్ని తన తప్పుగానే మోసుకుని వెళ్ళిపోయాడు. నేను మొయ్యనిచ్చాను.

అధ్యక్షుడు గారూ, మీ మాట సరిదిద్దుకోండి. ఆ చెయ్యికి మచ్చ లేదు. డాక్టరు గారూ, తొమ్మిదేళ్ళు మీరు కోపం పెట్టుకున్న మనిషి వేరు, మీ కాలు తీసిన మనిషి వేరు. రేపు మీరు ఏ స్టేషన్‌కి రమ్మంటే అక్కడికి వచ్చి ఇదే మాట రాసి సంతకం పెడతాను. అక్కా, నేనిక నీ గడప తొక్కాలో వద్దో నువ్వే చెప్పు. ఇప్పుడే కాదు. నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు.

ఇప్పుడు అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి. డాక్టరు గారూ, అక్కా, మీరిద్దరూ కూర్చోండి. మిగతావాళ్ళకి ఒక మనవి. మౌనమంటే కళ్ళు మూసుకుని తల దించుకోవడం మనకి అలవాటు. ఇవాళ అలా చెయ్యొద్దు. కళ్ళు తెరిచి ఆ ఫొటోని చూడండి, దాని పక్కన నన్నూ చూడండి. నేను ఇక్కడే నిలబడతాను. తల దించుకునే పని నాకు వదిలెయ్యండి. లేవండి.