ఫ్రిజ్‌కి కాపలా

విల్ఫ్ ఆర్మెరాడ్ కడుపుమంట పది రోజులుగా చల్లారడం లేదు. మిల్ లేన్ డాక్టరు గారి క్లినిక్‌కి ప్రభుత్వ తనిఖీలో ‘అత్యుత్తమం’ గ్రేడు వచ్చింది. ఆ కాగితాన్ని వీధి తలుపుకి అంటించారు, అంటించి తీరాలని రూలు. పంతొమ్మిదేళ్ళు ఆ క్లినిక్‌లో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది లోర్నా హావర్త్, ఒకప్పుడు ఆయన కింద కౌంటర్లో ఫోన్లెత్తిన పిల్ల. పోనీ ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా అంటే, సొంత భార్యే పొద్దున టోస్టుకి వెన్న రాస్తూ, లోర్నా వచ్చాక ఫోను రెండో రింగుకే తీస్తున్నారని మెచ్చుకుంది. ఆయన ఆ టోస్టు సగంలోనే ప్లేటులో పడేశాడు.

ఊళ్ళో ఆయనకంటూ మిగిలింది ఆ పంతొమ్మిదేళ్ళ పేరొక్కటే. అది కూడా లోర్నా పట్టుకుపోతే ఇక మిగిలేవి మోకాళ్ళ నొప్పులే.

ఆ మధ్యాహ్నం బజారు హాల్లో ఎనిడ్ స్కోఫీల్డ్ టీ కౌంటరు దగ్గర, చిన్నప్పటి స్నేహితుడు క్లిఫర్డ్ పేపరు మడిచి పెట్టి, పక్క ఊళ్ళ క్లినిక్‌ల వాళ్ళకి పాఠాలు చెప్పమని లోర్నాని పిలిచారట, ఫోటో కూడా వేశారు, అన్నాడు. బయట చిత్తడి వాన, కౌంటరు చుట్టూ మరో నలుగురైదుగురు చేరారు. విల్ఫ్ టీ కప్పు కింద పెట్టాడు.

"తనిఖీ అంటే నా రోజుల్లో తనిఖీరా. ఆరేళ్ళ కిందట మే నెలలో ఏమైందో తెలుసా?"

మొదలు బుద్ధిగానే పెట్టాడు. తనిఖీకి ఒక పొడుగాటావిడ వచ్చిందట. కర్టెను కడ్డీ మీద వేలు పెట్టి రాసిందట. దుమ్ము లేదట. ముందురోజు తానే నిచ్చెన ఎక్కి తుడిచాడట. అంతవరకూ ఎవరైనా నమ్ముతారు. క్లిఫర్డ్ కూడా బిస్కెట్టు టీలో ముంచుకుంటూ తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది.

వచ్చింది ఒకావిడ కాదు, నలుగురు. కాదు కాదు, లెక్క తప్పాను, ఏడుగురు. అందరికీ తెల్ల చేతిజోళ్ళు. వాళ్ళలో ఒకడు రోగుల్ని పడుకోబెట్టే బల్ల కింద దూరి, దూరినప్పటికన్నా శుభ్రమైన చొక్కాతో బయటికొచ్చాడట. మరి లోర్నా ఆ రోజు ఏం చేస్తోందిరా అని క్లిఫర్డ్ అడిగాడు. ఆ పేరు వింటూనే విల్ఫ్‌కి ఒళ్ళు మండింది.

"ఏం చేస్తుంది? కాగితాల గదిలో కూర్చుని ఏడుస్తోంది. నేనే పోయి, ఊరుకో అమ్మాయ్, నేనుండగా నీకేం భయం అని ఊరడించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తర్వాత కరెంటు పోయింది. టీకా మందుల ఫ్రిజ్ రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్యే ఉండాలి. రోజుకి రెండుసార్లు చూసి పుస్తకంలో రాయాలి. గీత దాటిందా, మందులన్నీ చెత్తబుట్టకే. ఏడుగురూ చూస్తుండగా ముల్లు ఆరుకెక్కింది, ఏడుకెక్కింది. డాక్టరు గారు చేతులెత్తేశారు. అప్పుడు విల్ఫ్ కోటు విప్పి, ఆ ఫ్రిజ్‌ని అమాంతం వీపుకెత్తుకుని, ఊరి వెనక కొండెక్కేశాడట, మంచులో పెట్టడానికి.

"మే నెలలో మంచేమిట్రా?" అన్నాడు క్లిఫర్డ్.

కొండ నెత్తిన కాస్త మిగిలింది, ఉత్తరం వైపు, నీకేం తెలుసు నువ్వెప్పుడైనా ఎక్కావా, అని కసిరి విల్ఫ్ సాగించాడు. ఆ మంచులో నిలబడి గంట గంటకీ ముల్లు చూశాడట. ఐదు డిగ్రీలు, వెంట్రుకవాసి కదల్లేదు. చుట్టుపక్కల గొర్రెలన్నీ వచ్చి గాలికి అడ్డంగా వలయం కట్టాయట. తనిఖీ వాళ్ళు ఏడుగురూ రొప్పుకుంటూ పైకొచ్చి టోపీలు తీసేశారట. ఆ పొడుగాటావిడ కళ్ళు తుడుచుకుని, ఆర్మెరాడ్ గారూ, ‘అత్యుత్తమం’ మీకు చాలదండీ అని, దాని పైన ఇంకో గ్రేడు అక్కడికక్కడే పుట్టించిందట. ఆ గ్రేడుకి అచ్చు కాగితం లేకపోబట్టే తలుపుకి అంటించడం కుదర్లేదట. పోతూ పోతూ, మమ్మల్నీ కాస్త తనిఖీ చెయ్యండి అని బతిమాలారట.

"చేశాను. ‘మెరుగుపడాలి’ అని ఇచ్చాను. అదిరా తనిఖీ. ఇప్పుడు ఎవరికి పడితే వాళ్ళకి పైగ్రేడు ఇచ్చేస్తున్నారు, దానికి ఫోటోలొకటి."

కౌంటరు చుట్టూ నవ్వులు లేచాయి. తన వెంటే నవ్వుతున్నారనుకుని విల్ఫ్‌కి పది రోజుల తర్వాత మొదటిసారి ప్రాణం కుదుటపడింది. ఎనిడ్ మాత్రం నవ్వలేదు. కప్పులు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"విల్ఫ్ నాయనా, ఆ రోజు నువ్వు కొండ మీద లేవు. క్లినిక్‌లోనూ లేవు. ఇక్కడ, ఇదే స్టూలు మీద ఉన్నావు."

విల్ఫ్ ఏదో అనబోయాడు. ఎనిడ్ ఆగలేదు. ఒంట్లో బాగాలేదని క్లినిక్‌కి ఫోను చేసి, ఫ్రిజ్ పుస్తకం చంకన పెట్టుకుని పొద్దున్నే ఇక్కడ కూర్చున్నాడు. నెలంతా ఎవరూ రాయని గళ్ళు ఒకే పెన్నుతో నింపుకుంటూ పోయాడు. ఐదు, ఐదు, ఐదు. ఈస్టరు సోమవారం గడిలో కూడా రెండుసార్లూ ఐదే వేశాడు, క్లినిక్‌కి సెలవని తాళం వేసిన రోజున. పుస్తకం ఎక్కడుందని లోర్నా ఇక్కడికి ఎనిమిదిసార్లు ఫోను చేసింది. ఎనిమిదిసార్లూ, నేను లేనని చెప్పు, అని చేత్తో సైగ చేశాడు. మాంసం పఫ్‌లు మాత్రం మూడు తిన్నాడు.

"నాలుగింటికి ఆ పిల్లే వెతుక్కుంటూ వచ్చింది. నువ్వప్పటికే వెనక తలుపు నుంచి జారుకున్నావు, పుస్తకం ఇక్కడే పడేసి. ఈస్టరు సోమవారం చూసింది. చూసి ఏమందో తెలుసా? తనిఖీ వాళ్ళకి ఈ అంకెలు చూపించను, ఫ్రిజ్‌లో మందులన్నీ పారేయిస్తాను, రాయడం మరిచింది నేనేనని చెప్తాను, అంది. ఆయన ఏడాదిలో రిటైరవుతున్నారు, పరువుగా వెళ్ళనివ్వండి, ఎవరికీ చెప్పకండి ఎనిడ్ గారూ, అంది. ‘మెరుగుపడాలి’ అని గ్రేడొచ్చింది. డాక్టరు గారు తిట్టింది ఆ పిల్లని. ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. ఇవాళ నీ కథలో ఆ పిల్లని కాగితాల గదిలో ఏడిపించావు చూడు, అక్కడ నావల్ల కాలేదు."

విల్ఫ్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోర్నా తన కుర్చీ తీసుకుంది, గ్రేడు తీసుకుంది, పేరు తీసుకుంటోందని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాడు. తీరా చూస్తే ఆ పేరు ఆమె పెట్టిన భిక్షే. ఆ రోజే ఆమె తనని తిట్టినా బాగుండేది, పట్టించినా బాగుండేది, అనిపించింది ఆయనకి.

క్లిఫర్డ్ మెల్లగా అడిగాడు. "ఇంకా ఆ పిల్లంటే కుళ్ళేనా విల్ఫ్?"

"ఇంకా ఎక్కువైంది" అన్నాడు విల్ఫ్.

ఆ మధ్యాహ్నం ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.