ఏటి పాడైందో సెప్పు

గాజువాకలో తాతబాబు పాత బళ్ళు కొని అమ్మే షెడ్డు, ముందు గది. స్టీల్‌ ప్లాంటులో రాత్రి సి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఇక్కడికే వచ్చి కూర్చున్నాడు ఆయన బావమరిది గవర్రాజు.

"టీ సల్లారిపోతంది, తాగు గవర్రాజూ."

"టీ తర్వాత బావా. ముందు ఏటి పాడైందో సెప్పు."

"బాగైపోయిందని సెప్పానా లేదా?"

"సెప్పావు. ఏటి బాగైంది?"

"బండి."

"ఎగతాళి సేయకు."

"ఎగతాళేటి? బండి పక్కకి లాగేత్తంది అన్నావు, ఇప్పుడు లాగదు. స్టీరింగు జారతంది అన్నావు, ఇప్పుడు జారదు. ఇంకేటి కావాల నీకు?"

"ఎందుకు లాగింది, ఎందుకు జారింది, అది కావాల. మారుతీ వ్యాను కొని పది రోజులు తిరగలేదు. సింధియా కాడ డౌన్లో దిగుతంటే ఎడం పక్కకి దానంతటదే ఎల్లిపోయింది. స్టీరింగు నా సేతిలోనే ఉంది, బండి మాత్రం నా మాట ఇన్లేదు. ఎదర లారీ వోడు బ్రేకేసాడు కాబట్టి ఇలగ నీ కాడ కూకుని టీ తాగుతన్నాను."

"నువ్వు తాగట్లేదు."

"బావా."

"సిన్న పని గవర్రాజూ. సిన్న సిన్న పార్టులు. పేర్లు సెప్తే మాత్రం నీకేటి తెలుత్తాది?"

"ఇరవై రెండేళ్ళనుంచి ఇనుముతోనే బతుకుతన్నాను. సెప్పి సూడు."

"మీ అక్క ఇయ్యాళ పెసరట్లు ఏత్తాదంట. నిన్ను తీసుకు రమ్మంది."

"మా అక్కని మద్దిలోకి తేకు. ఒక్క రోజు పనన్నావు, ఎనిమిది రోజులు అట్టేపెట్టావు. ఎప్పుడడిగినా రేపన్నావు. ఊరందరి కాడా ముక్కు పిండుతావు, నా కాడ రిపేరుకి పైసా వద్దన్నావు. అప్పుడే నాకు భయమేసింది."

"సొంత మనిషివని వద్దన్నాను. అదీ తప్పేనా?"

"సొంత మనిషినే కదా, మరి సెప్పు."

"టీ తాగు ముందు."

"సెప్పవు. సరే. నిన్న నాను మల్కాపురం ఎల్లాను."

"మల్కాపురం ఎందుకు?"

"మైఖేల్‌ ఇంటికి. నీ షెడ్డులో పన్నెండేళ్ళు సేసిన మెకానిక్కు. మొన్న శనివారం పని మానేసాడంట కదా. నాకెందుకు సెప్పలేదు?"

"ఆడు తాగుతాడు."

"మైఖేలా? ఆడు చర్చిలో పెద్దరికం సేత్తాడు బావా. తాగుతాడంటే ఆడి పెళ్ళాం రోజలిన్‌ నవ్వుద్ది."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. నన్ను లోపలికి రమ్మన్లేదు, గుమ్మంలోనే నిలబెట్టాడు. బండికి ఏటి సేసావురా అంటే, నాను సేయలేదు అన్నాడు. మరి ఎవరు సేసారంటే, తాతబాబుగార్ని అడగండి అన్నాడు. నాను మెట్లు దిగి వచ్చేత్తంటే వెనకాల వచ్చి ఒక్క మాటడిగాడు. అందులో ఏటి తోలతారండీ అని."

"నువ్వేటన్నావు?"

"బడి పిల్లల్ని అన్నాను. తలుపేసుకున్నాడు."

"ఏసుకుంటే ఏసుకున్నాడు."

"బాగైపోయిన బండిలో పిల్లల్ని తోలతానంటే తలుపెందుకు ఏసుకుంటాడు బావా?"

"ఆడి ఉద్యోగం పోయిందని కోపం. నామీద కక్ష."

"పోయిందా? మానేసాడన్నావు ఇప్పుడే."

"నాననలేదు, నువ్వన్నావు."

"సరే, నానే అన్నాను. ఇంకోటి కూడా అంటాను, ఇను. మా షిఫ్టులో అర్జునరావని ఉన్నాడు. ఫ్రిజ్జు కేసు ఏసి కన్స్యూమర్‌ కోర్టులో గెలిచినోడు. ఆడినడిగాను."

"ఓహో. కోర్టు దాకా ఎల్లిపోయావన్నమాట. బావమరిదివై ఉండి."

"ఎల్లలేదు, అడిగాను. బాగుసేత్తానంటే ఒప్పుకున్నంత మాత్రాన బండి ఖాయంగా తీసేసుకున్నట్టు కాదంట. బాగుసేసినోడు ఏటి పాడైందో, ఏటి సేసాడో సెప్పాలంట. సెప్పకుండా తీసుకుపో తీసుకుపో అంటే, నాకొద్దని వదిలేసే హక్కు కొన్నోడికి ఉంటాదంట. ఆడికి తెలిసిన లాయరు సెప్పాడు."

"లాయర్లు వంద సెప్తారు."

"నాకు వంద అక్కర్లేదు. ఒక్కటి సెప్పు. నువ్వు ఒక్క ముక్క సెప్పు, నిజమైతే బండి తీసుకెల్లిపోతాను. మా అక్క మీదొట్టు."

"వెల్డింగు సేయించాను."

"ఎక్కడ?"

"కింద."

"కిందంటే?"

"కిందంటే కిందే. నల్ల రంగు కూడా కొట్టించాను, శుబ్బరంగా ఉంది."

"రంగెందుకు?"

"తుప్పు పట్టకుండా."

"పట్టకుండానా, పట్టింది కనపడకుండానా?"

"నోరు పారేసుకోకు."

"పారేసుకోలేదు, అడుగుతన్నాను. అతుకేసాక సుత్తితో కొట్టి సూసారా? మంచి ఇనుమైతే ఖంగుమంటాది. పోయిన ఇనుమైతే తడి సెక్కని కొట్టినట్టుంటాది. సుత్తిచ్చీ నాకు. కిందకి దూరి నానే కొట్టి సూసుకుంటాను. బండి వెనకాల పెట్టావా?"

"కూకో."

"సుత్తిచ్చీ."

"కూకో అన్నానా? రాత్రంతా ఫర్నేసు కాడ నిలబడొచ్చావు, కళ్ళు సూడు ఎలాగున్నాయో. అయినా నీకెందుకు ఇంత అనుమానం? గాజువాకలో నాలుగు వీధులు తిరిగే బండది. బల్లపరుపు రోడ్డు. మెల్లిగా తోలుకుంటే ఏడాది సుఖంగా తిరుగుద్ది. ఏడాదయ్యాక నానే మార్చి ఇంకోటిత్తాను. ఆ మాట మనసులో పెట్టుకునే ఉన్నాను."

"ఏడాదేటి? ఏడాది తర్వాత ఏటవుద్ది?"

"ఏటీ అవ్వదు. మాటవరసకన్నాను."

"గాజువాకని ఎవరన్నారు నీకు?"

"నువ్వే కదా. గాజువాక పిల్లల్ని బడికి దింపుతాది మా అమ్మాయి కీర్తన అన్నావు, కొన్న రోజు."

"గాజువాకలో అప్పటికే నాలుగు వ్యాన్లు ఉన్నాయి, ఆళ్ళు రానియ్యలేదు. యారాడ పిల్లలు దొరికారు. పద్నాలుగు మంది. ఆడపిల్ల తోలుతాదంటే తల్లులందరూ ధైర్యంగా ఒప్పుకున్నారంట."

"యారాడా?"

"అవును."

"కొండవతల యారాడా?"

"యారాడలు ఎన్నున్నాయి బావా? కొండెక్కి దిగి మల్కాపురం బడికి తేవాల. ఘాట్‌ రోడ్డు తోలటం కూడా నేర్చుకుంది. మూడు ఆదివారాలు పక్కన నానే కూకుని నేర్పించాను, అర్జునరావు జీపులో."

"టైమెంతైంది?"

"గోడ మీద గడియారం ఉంది కదా. ఏడున్నర."

"పిల్లలు ఎన్నింటికి ఎక్కుతారు?"

"ఏడుంపావుకి. ఎనిమిదికల్లా బడి దగ్గర ఉండాల. ఇయ్యాళే తెరిచారు. నీ బండి నీ కాడే ఉండిపోయింది కాబట్టి, ఇయ్యాళకి ఆటో మాటాడుకుంటానంది. ఏటలాగ సూత్తన్నావు?"

"యారాడలో ఎవరింట్లోనైనా ఫోనుందా?"

"సూర్యకాంతమ్మ కొట్లో ఉంటాది. ఎందుకు?"

"నెంబరు సెప్పు."

"నాకేటి తెలుసు? బావా, ఎందుకలాగ లేచి నిలబడ్డావు?"

"అది సేపల బండి గవర్రాజూ."

"ఏ బండి?"

"నీ వ్యాను. ఫిషింగ్‌ హార్బర్లో మూడేళ్ళు రొయ్యలు తోలారు దాంట్లో. ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ కిందకి దిగి దిగి అడుగంతా తినేసింది. అమ్మినోడు లోపల కింద కొత్త మ్యాట్లు పరిచి, రంగేసి అమ్మాడు. పేనం మీదొట్టు, నీకమ్మినప్పుడు నాకు తెలీదు. నువ్వు తిరిగి తెచ్చాక మైఖేలు కిందకి దూరి సూసాడు. స్టీరింగు బాక్సు బిగించే కాడ బండిని మోసే ఛాసీ ఇనుము పగిలిపోయుంది."

"దాని మీద అతుకేసారా? ఉప్పు తినేసిన ఇనుము మీద?"

"మైఖేల్‌ ఏయనన్నాడు. వెల్డింగు రాడ్డు తగిలిత్తే ఇనుము కాయితంలాగ కాలిపోయి కన్నం పడిపోతంది, పట్టుకోడానికి కింద ఏటీ లేదన్నాడు. ఇది ఎవరికీ ఇవ్వకండి, ముక్కలు సేసి పాత ఇనుములో ఏసీమన్నాడు. నానే ఇంకోడ్ని పిలిపించి రేకేసి అతికించి, పైన లప్పం మెత్తి, రంగు కొట్టించాను. మైఖేలు సంచీ భుజానేసుకుని ఎల్లిపోయాడు."

"మా అక్కకి తెలుసా?"

"తెలీదు. తెలిత్తే ఈ ఇంట్లో ఉంటాదా? నీ పీఎఫ్‌ డబ్బులన్నీ అందులో పోసావు. తిరిగిద్దామంటే నాకాడ లేవు. బల్లపరుపు రోడ్డే కదా, ఏడాదిలో సర్దేద్దామనుకున్నాను."

"ఘాట్‌ దిగినప్పుడు పద్నాలుగు మంది బరువూ ముందు సక్రాల మీద పడతాది. మలుపు మలుపుకీ ఆ అతుకే లాగాల."

"తెలుసు. ఎనిమిది మలుపులు."

"పట్టుకుంటాదా?"

"పట్టుకోదు. రెండో మలుపు దాకా కూడా పట్టుకోదన్నాడు మైఖేలు, కొండ మాట వత్తే."

"నాకు కొట్టాలనుంది బావా నిన్ను. కొట్టను. ఆఖరికి నోరిప్పావు, పిల్లలు ఆ బండి ఎక్కకముందు నోరిప్పావు, అదే పదివేలు. ఇప్పుడు నా మాట ఇను. ఆ బండి నాకొద్దు. బాగుసేసాక కూడా వద్దంటన్నాను, పెద్దమనుషుల ముందైనా ఇదే అంటాను. డబ్బులు మెల్లిగా ఇద్దువు గాని, నానేటీ పీక మీద కూకోను. అక్కకి కూడా సెప్పను. మైఖేలు సెప్పినట్టే ముక్కలు సేయించీ. ఇంకెవరికీ అమ్మొద్దు, అదొక్కటీ మాటివ్వు. తాళాలు తీసి బల్ల మీద పెట్టు, నా ఎదురుగా."

"తాళాలు నాకాడ లేవు గవర్రాజూ. బండి బాగైందని రాత్రి మీ పక్కింటికి నానే ఫోను సేసాను. మొదటి రోజే ఆలీసం కాకూడదు మావయ్యా అని, తెల్లారి ఆరింటికే వచ్చి కీర్తన పట్టుకెల్లిపోయింది."