గాట్లు పెట్టని దుంపలు

పిండిమిల్లు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద గొప్పల బావ గొంతు సవరించుకున్నాడు. పాత మిల్లులో పన్నెండేళ్లు బస్తాలు మోసి మోసి అతని నడుం పడిపోయింది. ఈ మిల్లులోకేమో గింజలూ దుంపలూ ఆరబెట్టే మైక్రోవేవ్ మిషను కొత్తగా వస్తోంది, దాని దగ్గర నిలబడే మనిషి కోసం మేస్త్రి వెతుకుతున్నాడు. ఆ మేస్త్రి పక్క బల్ల మీదే టీ తాగుతున్నాడు. ఇంతకంటే మంచి అదను మళ్లీ దొరకదని బావకి తెలుసు.

"పాత మిల్లులో ఆ మిషను నడిపింది నేనే కదా. తడిసిన మొక్కజొన్నలు, ఎండలో పోస్తే రెండు రోజులు పట్టేవి, పావుగంటలో గలగలలాడించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు, టీ చల్లారేలోపు," అంది కొట్టు నడిపే అక్క.

"బియ్యంలో పురుగులు పడ్డాయి. మీట ఇలా తిప్పానో లేదో, ముసలీ ముతకా, పిల్లా జెల్లా బస్తాలోంచి వరసకట్టి బయటికొచ్చి, 'అయ్యా, మేమే పోతాం, కాస్త వేడి తగ్గించండి' అని దండం పెట్టాయి."

"పురుగులు మాట్లాడాయా?" అన్నాడు బండివాడు.

"నీతో మాట్లాడవులే. అంతేనా, ముసురు పట్టిన రోజుల్లో ఆ మిషను తలుపు జానెడు తెరిచి పెట్టాను. వీధి వీధంతా ఆరేసిన బట్టలు ఆరిపోయాయి. పైనున్న మబ్బు కూడా ఎండిపోయి పెళుసుగా విరిగి కిందపడితే, ఏరి మూడు బస్తాలకెత్తాం."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రి మాత్రం నవ్వలేదు. శ్రద్ధగా వింటున్నాడనుకుని బావ ఛాతీ ఇంకాస్త పొంగింది.

"మరి దుంపల సంగతో?" అనడిగాడు మేస్త్రి. "లోపలి నీళ్లు ఆవిరై తన్నుకొస్తాయి గదా. తొక్కకి గాట్లు పెట్టేవాడివా?"

"గాట్లు పిరికివాళ్లకండీ. చిలగడదుంపైనా కర్రపెండలమైనా తొక్కతోనే టన్నులకి టన్నులు పెట్టేసేవాణ్ణి. నేనొక్క చూపు చూస్తే చాలు, ఆవిరి కిక్కురుమనకుండా లోపలే పడుండేది."

"ఓహో. అయితే పోయినేడు దుంపలు పేల్చి ఆ మిల్లులో మిషను తలుపు ఊడగొట్టిన మహానుభావుడివి నువ్వేనన్నమాట."

బావకి పొలమారింది. "అబ్బే, నేను కాదండీ. నేను గుమ్మం దాకా బస్తాలు మోసేవాణ్ణి, అంతే. దాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. నా పిల్లల మీద ఒట్టు." సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"మాటలు కోటలు దాటాయి గానీ కాళ్లు గడప దాటలేదన్నమాట," అంది అక్క.

మేస్త్రి గ్లాసు కింద పెట్టి లేచాడు. "ముట్టుకోలేదన్న మాట ముందే చెప్పుంటే రేపట్నుంచే నేర్పించేవాణ్ణి గదయ్యా. అన్నీ వచ్చినవాడికి నేనేం నేర్పను?"