గంట ముందు మాత్రలు

పళ్ల డాక్టరు గది బయట బెంచీ మీద ఒక రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన భార్య కూర్చున్నారు. పదింటికి ఆయన పన్ను పీకాలి. ఇంకా పది నిమిషాలుంది.

“మాత్రలు ఎన్నింటికి ఇచ్చావు?”

“తొమ్మిదింటికి. నాలుగూ ఒకేసారి మింగారుగా.”

“ఏ గడియారం చూసి?”

“మన వంటింట్లోదే.”

“కొంప ముంచావే! అది ఇరవై నిమిషాలు ముందుంటుంది. డ్యూటీకి ఆలస్యం కాకూడదని నేనే తిప్పిపెట్టాను. డాక్టరు సరిగ్గా గంట ముందు వేసుకోమన్నాడు. పన్ను పీకినప్పుడు నోట్లో క్రిములు రక్తంలో కలిసి, గుండెలో పెట్టిన కొత్త వాల్వుకి పట్టుకుంటే?”

“ఏం పట్టుకోవు, కూర్చోండి.”

“పద, ఇంకో రోజు వద్దాం.”

“ఇప్పటికే రెండుసార్లు ఏదో వంక పెట్టి ఎగ్గొట్టారు. ఆ గడియారం ఇప్పుడు సరిగ్గానే ఉందండీ. మీరు ఆపరేషనై ఇంటికొచ్చిన రోజే వెనక్కి తిప్పేశాను.”

“ఆర్నెల్ల నుంచా? అందుకేనా పొద్దున్నే పార్కులో నాతో నడిచేవాళ్లంతా నేను ఆలస్యంగా వస్తున్నానంటున్నారు! నాకో మాట చెప్పొద్దూ?”

“చెబితే మళ్లీ ముందుకు తిప్పేవారు. అయినా ఆలస్యమైతే ఏమైంది?”

“ఏం కాలేదు. నేనొచ్చేదాకా ఆగుతున్నారు.”

“చూశారా మరి.”

తలుపు తెరిచి నర్సు పిలిచింది. ఆయన గబుక్కున లేవబోయి, ఆగి, నెమ్మదిగా లేచాడు.

“ఇదిగో, రేపట్నుంచి పార్కుకి నువ్వూ రా.”

“నేను తయారయ్యేసరికి మీకు ఆలస్యమవుతుంది.”

“కానీలే. ఆగుతాను.”