రెండో కాలు

సకల జనుల సమ్మె రోజుల్లో, రాయికల్ నుంచి కోరుట్ల ధర్నాకు వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ బోల్తాపడి ఆ అమ్మాయి రెండు తొడ ఎముకలూ విరిగాయి. జగిత్యాల ఆసుపత్రిలో ఒక కాలికి రాడ్ వేశారు. మంచం పక్కన తల్లి కూర్చుంది.

“రేపు రెండో కాలుకు గుడ రాడ్ ఏపిచ్చుకుంట అవ్వా.”

“వద్దు బిడ్డా. మొదటిది ఏసినంక నీకు ఊపిరి ఆడలే. మర్సిపోయినవా?”

“మర్సిపోలే. బొక్కలల్ల ఉన్న కొవ్వు నెత్తురుల కలిసి ఊపిరితిత్తులకు పోయిందట. గందుకే గప్పుడు రెండోది ఆపిండ్రు. ఇప్పుడు మంచిగనే ఆడుతుంది.”

“మల్ల గట్ల కాదన్నడా డాక్టర్?”

“అనలే. కావచ్చు గని, ఈసారి ముందుగాలనే జాగ్రత్త పడుతమన్నడు.”

“ఇంటికి పోదాం. నేను ఎత్తుకొని సాకుత.”

“నీకు ఎన్నేండ్లు బరువుగుండాలె? నేను నడువాలె అవ్వా.”

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఊపిరి ఆడని గా పొద్దు నన్ను జూసి ‘ఎవరు నువ్వు’ అన్నవ్. నాకు గదే భయం.”

“గట్లన్ననా?”

“అన్నవ్ బిడ్డా.”

“మల్ల గట్లంటే నీ అవ్వనని చెప్పు. గుర్తుపట్టేదాక చెప్తనే ఉండు.”

“చెప్తనే ఉంట. ఆగు, డాక్టర్ సారుకు సరేనని చెప్పొస్త.”